బడుల సంస్కరణ: ముందు చదవడం సంగతి చూద్దాం

మిత్రులారా, బడుల సంస్కరణపై ఈ గ్రూపులో మన చర్చ భవనాలు, ట్యాబుల దగ్గరే ఆగిపోతోంది. అంతకన్నా ముందు 3 నుంచి 5 తరగతుల పిల్లలు ఎంతవరకు చదవగలరో తెలియాలి. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అక్షరం, పదం, పేరా, చిన్న కథ వరుసగా చదివించాలి. ఒక్కరికి 5 నిమిషాలు చాలు. రాతపరీక్షలో ఇది బయటపడదు, చూచిరాత దాన్ని దాచేస్తుంది.

తర్వాత రోజూ ఒక గంట తరగతులతో సంబంధం లేకుండా, స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పాలి. సిలబస్ పూర్తిచేయమని పైనుంచి ఒత్తిడి రాగానే మొదట పోయేది ఆ గంటే. అందుకే దాన్ని టైంటేబుల్‌లోనే రాయించాలి. 6 వారాలకోసారి మళ్లీ చదివించి గుంపులు మార్చకపోతే వెనకబడ్డ పిల్లలు అక్కడే ఉండిపోతారు.

ఇంకొకటి, రిజిస్టర్ల పని తగ్గించకుండా టీచర్లకు ఇది అప్పగించడం అన్యాయం. ఏ రిజిస్టర్లు తీసేయొచ్చో గ్రూపులోని టీచర్లు చెప్పండి.