పూర్తిచేసిన శిక్షణకు ‘ఇన్‌కంప్లీట్’ ముద్ర ఎన్నాళ్ళు? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఉపాధ్యాయుల ఆన్‌లైన్ శిక్షణపై మేమిచ్చిన వినతిపత్రాలకు ఇంతవరకు జవాబు రాలేదు. హెల్ప్‌డెస్క్ నుంచి మాత్రం ఒకే మాట వస్తుంది: ‘క్యాష్ (బ్రౌజరు దాచుకున్న తాత్కాలిక ఫైళ్ళు) క్లియర్ చేసి మళ్ళీ ప్రయత్నించండి’. ఆ వెంటనే ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదైపోతుంది. ఇక మీకు నేరుగా, అందరూ చదివేలా రాయడం తప్ప మాకు దారి లేకపోయింది.

ఉపాధ్యాయులు పోర్టల్‌లో కోర్సులు చదివి పూర్తిచేయాల్సిన ఈ శిక్షణ పథకం సంగతి మీకు తెలిసిందే. మా బాధ ఒక్కటే. ఉపాధ్యాయుడు కోర్సంతా చదువుతాడు, చివరి క్విజ్ రాస్తాడు, తెరమీద ‘అభినందనలు’ కూడా పడుతుంది. డ్యాష్‌బోర్డులో చూస్తే ఎర్రగా ‘ఇన్‌కంప్లీట్’. ఆ ఎరుపు చూసి పైనుంచి సంజాయిషీ అడుగుతారు. మళ్ళీ మొదటి స్లైడు నుంచి కూర్చోవాలి, అదీ ముందుకు జరపడానికి వీల్లేని వీడియోలతో. సమీక్షా సమావేశాల్లో దీన్ని ఉపాధ్యాయుల నిర్లక్ష్యం అంటున్నారు. అయ్యా, తప్పు వాళ్ళది కాదు. కోర్సును తయారుచేసిన పద్ధతిలోనే ఉంది.

ఈ కోర్సులు స్కార్మ్ 1.2 ప్యాకేజీలు. స్కార్మ్ అంటే ఆన్‌లైన్ కోర్సు, పోర్టల్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రమాణం. ప్యాకేజీలో ఏముందో చెప్పే మ్యానిఫెస్ట్ ఫైలు తెరిస్తే ఆ సంగతి మొదట్లోనే కనబడుతుంది. అది 2001 నాటి ప్రమాణం. ఎక్కడ ఆగారు, ఏ స్లైడు చూశారు, ఏ ప్రశ్నకు ఏం రాశారు అన్నదంతా ‘సస్పెండ్ డేటా’ అనే ఒకే గడిలో దాచాలి. అందులో పట్టేది 4,096 అక్షరాలు. స్లైడులు తక్కువ, ప్రశ్నలన్నీ టిక్కు పెట్టేవీ అయితే అది సరిపోతుంది. మన కోర్సుల్లోనేమో ప్రతి యూనిట్ చివరా ‘దీన్ని మీ తరగతిలో ఎలా అమలు చేస్తారో రాయండి’ అని ఖాళీ పెట్టె ఉంటుంది. చాలా మంచి ప్రశ్న. కానీ జవాబు తెలుగులో రాస్తే ఏమవుతుందో ఎవరూ చూసినట్టు లేదు.

కంప్యూటరు అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తుకు 3 బైట్లు కావాలి. అక్షరం, పొల్లు, గుణింతం ఒక్కొక్కటీ విడి గుర్తే. మన ప్యాకేజీలు జవాబును శాతం గుర్తులతో ఎన్‌కోడ్ చేసి, అంటే ఒక్కో బైటును % గుర్తు, మరో రెండు అక్షరాలుగా మార్చి దాస్తున్నాయి కాబట్టి ఆ 3 బైట్లు 9 అక్షరాలవుతాయి. ‘స్త్రీ’ అని రాస్తే అందులో గుర్తులు 6, అంటే 54 అక్షరాల చోటు పోయినట్టే. ఇంగ్లిషు అక్షరానికైతే ఒక్క చోటు చాలు. ఈ లెక్కన గడి మొత్తం ఒక్క జవాబుకే వదిలినా 455 తెలుగు గుర్తులకు మించి పట్టదు. ఓ చిన్న పేరా, అంతే. అది దాటాక పోర్టల్ ఆ సమాచారాన్ని తీసుకోదు, లోపం సంకేతం పంపుతుంది. కోర్సు ఆ సంకేతాన్ని పట్టించుకోదు, చదివేవాళ్ళకు ఏమీ చెప్పదు. మళ్ళీ తెరిచినప్పుడు ఎప్పటిదో పాత స్లైడు దగ్గర మొదలై, స్థితిని ‘ఇన్‌కంప్లీట్’గా తిరగరాస్తుంది. శ్రద్ధగా తెలుగులో నాలుగు వాక్యాలు రాసినవాళ్ళు ఇరుక్కుంటున్నారు. ‘ఓకే’ అని కొట్టినవాళ్ళు సాఫీగా గట్టెక్కుతున్నారు. ఇది న్యాయమేనా మంత్రిగారూ?

రెండో లోపం సేవ్ చేసే పద్ధతిలో ఉంది. పేజీ మూసేటప్పుడు అన్నీ ఒక్కసారే సర్వరుకు పంపేలా ఈ కోర్సులు రాశారు. పేజీ మూసుకునే వేళ, పంపడం అయ్యేదాకా పేజీని అలా ఆపి సమాచారం పంపడాన్ని క్రోమ్ బ్రౌజర్ 80వ కూర్పు నుంచి, అంటే 2020లోనే, ఆపేసింది. పైగా ఫోనులో పేజీని ఎవరూ పద్ధతిగా మూయరు. కాల్ వస్తుంది, వేరే యాప్‌లోకి వెళతారు, మెమరీ చాలక ఫోనే ఆ ట్యాబును చంపేస్తుంది. అప్పటిదాకా చదివిందంతా గాలికి పోతుంది. కంప్యూటర్ ముందు కూర్చుని పరీక్షించినవాళ్ళకు ఇది ఎప్పటికీ కనబడదు.

ఇంకొకటి. స్కార్మ్ 1.2లో ‘పూర్తయింది’, ‘ఉత్తీర్ణత’ రెండూ ఒకే గడిలో ఉంటాయి. క్విజ్‌లో మార్కు తగ్గితే చదివిన సంగతీ చెరిగిపోతుంది. స్కార్మ్ 2004లో వీటిని విడదీశారు. దాని తర్వాతి కూర్పుల్లో సస్పెండ్ డేటాను 64,000 అక్షరాలకు పెంచారు కూడా.

సవరించడం కొండెత్తడమేమీ కాదు. ప్రతి స్లైడుకూ కమిట్ పిలవాలి, అంటే అప్పటిదాకా చదివింది పోర్టల్‌లో సేవ్ చేయమని అడగాలి. పేజీ తెరమీద నుంచి మరుగైన క్షణంలో కూడా సేవ్ కావాలి. రాత జవాబులను ప్యాకేజీలో పెట్టకుండా పోర్టల్‌లోని అసైన్‌మెంట్‌కు మార్చాలి. సేవ్ కాకపోతే ఆ మాట తెరమీద తెలుగులో చెప్పాలి. విడుదలకు ముందు 2 జీబీ ర్యామ్ ఉన్న ఫోనులో కోర్సు సగం వరకు చదివి, ప్రతి పెట్టెలో పది వరుసల తెలుగు రాసి, డేటా ఆపి, బ్రౌజరును బలవంతంగా మూసి మళ్ళీ తెరవాలి. ఆగిన చోటే తెరుచుకుంటేనే ఆ కోర్సు జనంలోకి రావాలి. ఈ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే ఇన్ని సంజాయిషీలు ఉండేవి కావు.

చూసిన వీడియోనే మళ్ళీ చూడమనడం వల్ల చదువూ పెరగదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పిక్ 2006లో ప్రచురించిన ప్రయోగంలో, చదివిందే మళ్ళీ చదివినవారికంటే చదివినదాన్ని గుర్తు తెచ్చుకుని రాసినవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. కావాలంటే వారం ఆగి ఐదు ప్రశ్నలు అడగండి, సంతోషంగా రాస్తారు. గంటలకొద్దీ వీడియోల ముందు మళ్ళీ కూర్చోబెట్టకండి.

దయచేసి సంజాయిషీ నోటీసులు ముందు ఆపించండి. క్విజ్ సమర్పించిన సమయాలు సర్వరు లాగ్‌లో (సర్వరు తనంతట నమోదు చేసుకునే చిట్టాలో) ఉంటాయి. పాతవి చెరిపేయకముందే వాటిని భద్రపరిపించి, వాటి ఆధారంగా పూర్తిచేసినవారిని గుర్తించమనండి. వారి సర్టిఫికెట్లు వారికి ఇప్పించండి. కోర్సులను సరిచేసేదాకా కొత్త గడువులు పెట్టకండి. మళ్ళీ ‘క్యాష్ క్లియర్ చేయండి’ అన్న జవాబు మాత్రం వద్దు. నోటీసులు ఎప్పుడు ఆగుతాయో తేదీ వేసి, రాతపూర్వకంగా చెప్పించండి.

ఇట్లు,
శిక్షణ పొందుతున్న ఉపాధ్యాయులు, కోర్సుల రూపకల్పనలో పనిచేస్తున్నవారు