అమెరికా ఆరోగ్య మంత్రి గారికి ఒక తెలుగు నర్సు బహిరంగ లేఖ

అయ్యా,

2023లో ఇక్కడ లక్ష సజీవ జననాలకు 50.3 మంది నల్లజాతి తల్లులు చనిపోయారు. తెల్లవారిలో 14.5. ఇవి మీ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కలే.

పేదరికం అని సరిపెట్టుకుందామా? నల్లజాతి టెన్నిస్ తార సెరెనా విలియమ్స్‌కి ఏం తక్కువ? 2017లో సిజేరియన్ అయిన మర్నాడు ఊపిరాడక, సీటీ స్కాన్ తీయమని ఆవిడే అడిగితే, మందుల మత్తులో ఏదో అంటోందని నర్సు అనుకుందట. (మా వృత్తివాళ్లే, సిగ్గుగా ఉంది.) పట్టుబట్టాక తీస్తే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు!

మా వార్డులోనూ నల్లజాతి బాలింత తలనొప్పి అంటే, బీపీ చూడకుండానే "నిద్ర చాలక" అనేస్తారు.

కాలిఫోర్నియా 2019లోనే వివక్షపై ప్రసూతి సిబ్బందికి శిక్షణ తప్పనిసరి చేసింది. అదొక్కటే చాలదు. బాలింత చెప్పిన ప్రతి బాధనూ, ఎవరు ఎప్పుడు చూశారో టైముతో సహా రాయించండి. ఏ ఆసుపత్రిలో ఏ జాతి తల్లులకు ఏమైందో బయటపెట్టించండి.

ఇట్లు,
ప్రసూతి వార్డు నర్సు