బెథనీ స్టేషన్ చూశాను బాబాయ్

బాబాయ్‌కి నమస్కారాలు,

ఇక్కడ అందరం బాగున్నాం. పిన్నికి మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం. ఫోన్లో నీకిదంతా చెప్దామంటే మధ్యలో ఎవరో ఒకళ్ళు ఫోన్ లాక్కుంటారు, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

మేముండేది ఒహైయోలో సిన్సినాటికి ఉత్తరాన వెస్ట్ చెస్టర్ కదా, ఇక్కడ పిల్లల్ని సాకర్‌కి తీసుకెళ్ళే పార్కు పేరు వాయిస్ ఆఫ్ అమెరికా పార్కు, పక్కన షాపింగ్ సెంటర్‌కీ అదే పేరు. సాయంత్రమైతే చెరువు చుట్టూ మన తెలుగువాళ్ళు బోలెడుమంది నడుస్తుంటారు, ఆ పేరు ఎలా వచ్చిందని అడిగేవాళ్ళే లేరు. అక్కడే తెల్లటి పాత బిల్డింగ్ ఒకటుంది, అదే బెథనీ రిలే స్టేషన్, వాయిస్ ఆఫ్ అమెరికా అనే అమెరికా ప్రభుత్వ రేడియో కార్యక్రమాల్ని షార్ట్‌వేవ్ మీద వేరే దేశాలకి పంపిన చోటు, ఇప్పుడు మ్యూజియం. మొన్న శనివారం వెళ్ళొచ్చాను, అప్పట్నుంచీ నీకు చెప్పాలని ఒకటే తొందర.

1944లో రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో మొదలైందది. సముద్రానికి దూరంగా ఉంటే శత్రువులకి అందదని దేశం లోపలికొచ్చారు, పైగా పెద్ద ట్రాన్స్‌మిటర్లు కట్టడం తెలిసిన క్రాస్లీ అనే సిన్సినాటి రేడియో కంపెనీ ఇంజనీర్లు ఇక్కడే ఉన్నారు. ఒక్కోటి 200 కిలోవాట్లవి ఆరు ట్రాన్స్‌మిటర్లు పెట్టారు, నీ షాపులో నువ్వు వేలికొసల్తో పట్టుకుని మార్చే రేడియో వాల్వులు గుర్తొచ్చాయి నాకు, ఇక్కడివి ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి, నీళ్ళతో చల్లార్చాలి. మొదట్లో మాటలూ పాటలూ న్యూయార్క్ నుంచి టెలిఫోన్ లైన్ల మీద వచ్చేవి, ఇక్కణ్ణించి యూరప్, ఆఫ్రికా, దక్షిణ అమెరికా వైపు వెళ్ళేవి. హిట్లర్ ఈ స్టేషన్ వాళ్ళని సిన్సినాటి అబద్ధాలకోరులని తిట్టేవాడని ఈ ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు.

అసలు సంగతి ఏరియళ్ళది బాబాయ్. 600 ఎకరాల పైచిలుకు పొలంలో 24 రాంబిక్‌లు. రాంబిక్ అంటే నాలుగు స్తంభాల మధ్య గాలిపటం ఆకారంలో, నేలకి సమాంతరంగా, పైన కట్టిన తీగ, పొడుగు కొస ఏ దేశం వైపు ఉంటే సిగ్నల్ అటు వెళ్తుంది. మామూలుగా ఆ చివర ఒక రెసిస్టర్ పెడతారు, తీగ పొడుగునా పోయి ఇంకా మిగిలిన పవర్ వెనక్కి తిరక్కుండా అందులో వేడి కింద పోతుంది, 200 కిలోవాట్లు పంపేచోట అలా పోయేది తక్కువేం కాదు కదా. ఇక్కడ రాక్‌వెల్ అనే క్రాస్లీ ఇంజనీర్ ఏం చేశాడంటే ఆ మిగిలిన పవర్‌ని ఇంకో లైను మీద మళ్ళీ మొదటికి తీసుకొచ్చి, ఫేజు కుదిర్చి, అంటే రెండు అలలూ ఒకేసారి లేచి పడేలా చేసి, కొత్తగా వచ్చే పవర్‌తో కలిపి అదే ఏరియల్లోకి పంపించాడు! ఇది వినగానే నువ్వుంటే ఎగిరి గంతేసేవాడివి అనుకున్నా.

ఏ ట్రాన్స్‌మిటర్నైనా ఏ ఏరియల్‌కైనా కలిపేలా స్విచ్చులుండేవి. చిన్నప్పుడు నీ పక్కన కూర్చుని వినేటప్పుడు సాయంత్రం షార్ట్‌వేవ్ 19 మీటర్ల బ్యాండులో బాగా వచ్చే స్టేషన్ రాత్రయ్యేసరికి సన్నగిల్లిపోయి, నువ్వు ముల్లు తిప్పి 31 మీటర్లలో మళ్ళీ పట్టుకునేవాడివి చూడు, నేనేమో అదంతా నీ చేతి మహిమ అనుకునేదాన్ని. ఆ టైంకి అవతల మనుషులు ట్రాన్స్‌మిటర్ని కొత్త ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేసి ఆ ఫ్రీక్వెన్సీకి సరిపడే ఏరియల్‌కి మార్చేవాళ్ళు, సిగ్నల్ని మళ్ళీ నేల వైపు తిప్పి పంపే ఆకాశం మీది పొర పగలొకలాగా రాత్రొకలాగా ఉంటుంది కాబట్టి. రేడియో సెట్టుని దాచుకున్నవాళ్ళు ఎంతోమంది ఉన్నారు గానీ ఈ మనుషుల్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ, నాకు అదే బాధగా ఉంది.

బెథనీ బీము మన వైపు కాదులే. మన వైపుకైతే వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ళు 1951లో సిలోన్‌తో, అంటే ఇప్పటి శ్రీలంకతో, ఒప్పందం చేసుకుని, కొలంబో దగ్గర ఎకలలో 35 కిలోవాట్లవి మూడు ట్రాన్స్‌మిటర్లు పెట్టించారు. రేడియో సిలోన్ వాళ్ళ ట్రాన్స్‌మిటర్లూ ఆ ఎకలలోనే, నువ్వు తెలుగు పాటలు పట్టుకున్న సిలోన్!

14 నవంబర్ 1994న బెథనీ ఆపేశారు. శాటిలైట్లొచ్చాయి, వినేవాళ్ళకి దగ్గర్లో వేరే దేశాల్లో స్టేషన్లొచ్చాయి, సరే. కానీ తర్వాత మూడు నాలుగేళ్ళకి టవర్లన్నీ పడగొట్టేశారు, ఒక్క రాంబిక్కైనా ఉంచాల్సింది, లోపల మీటర్లూ డయళ్ళూ ఎన్ని చూపించినా బయట ఆ తీగ లేకపోతే పిల్లలకి ఏం అర్థమవుతుంది. ఇంకా నయం, కాస్త దూరంలో మేసన్‌లో డబ్ల్యూఎల్‌డబ్ల్యూ అనే రేడియో స్టేషన్ మీడియం వేవ్ టవర్ ఇంకా నిలబడే ఉంది. 1934 నుంచి 1939 దాకా 500 కిలోవాట్లతో నడిచిందది, ఆ రోజుల్లో చుట్టుపక్కల కంచె తీగల్లోంచి కూడా పాటలు వినిపించేవట.

మ్యూజియంలో హ్యామ్ రేడియో క్లబ్బు, అంటే సరదాకి సొంత సెట్లతో రేడియోలో మాట్లాడుకునేవాళ్ళ క్లబ్బు కూడా ఉంది, రేడియోలో వాళ్ళని గుర్తుపట్టే పేరు, అదే కాల్‌సైన్, డబ్ల్యూసీ8వీఓఏ. మీ ఊళ్ళో షార్ట్‌వేవ్ ఎలా వినేవాళ్ళని అక్కడొక పెద్దాయన అడిగితే మా బాబాయ్ డాబా మీద తీగ కట్టేవాడని చెప్పాను, ఎంత పొడుగు, ఏ దిక్కుకి అన్నాడు, తెలీదన్నాను. ఆ తీగ కొలతలూ, కింద నేలలో ఎర్త్ ఎలా ఇచ్చావో కూడా రాసి పంపు, వీలైతే బొమ్మ గీసి వాట్సాప్‌లో పెట్టు, వచ్చే శనివారం ఆయనకి చూపిస్తా.

ఉంటా మరి,
నీ చిట్టి