బండి కింద వేసే వెల్డింగ్‌కు కొలత ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

నేను కావలిలో చేపల వ్యాపారం చేస్తాను. తెల్లవారుజామున జువ్వలదిన్నె తీరానికి పోయి, ఐసు పెట్టెల్లో చేపలు నింపుకుని పాత మారుతీ ఓమ్నీ వ్యానులో తెస్తాను. పెట్టెల్లోంచి కారే ఉప్పునీళ్లు నేలరేకు మీద పడి, అతుకుల్లోంచి దిగి, వెనక ఇరుసును మోసే కమాను కట్టలు (పట్టీ స్ప్రింగులు) పట్టుకునే బ్రాకెట్ల దగ్గర నిలుస్తాయి. కొన్న మూడేళ్లకే ఎడమవైపు బ్రాకెట్ చుట్టూ రేకు, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే బొక్క పడేంతగా తుప్పు తినేసింది. సముద్రం పక్కన చేపలు, రొయ్యలు తోలే బండ్లన్నింటికీ ఈ తిప్పలు తప్పవు.

రోడ్డు పక్కన ఒక షెడ్డులో చూపించాను. జాకీ పెట్టి లేపారు, పాత బ్రాకెట్ కోసి తీశారు, కొత్తది కంటి అంచనాతో పెట్టి వెల్డింగ్ కొట్టేశారు. అరగంట కూడా పట్టలేదు. ఆరు వందలిచ్చి వచ్చాను. ఆ మర్నాటి నుంచే బండి ఎడమకు లాగడం మొదలైంది. తిన్నగా పోవాలంటే స్టీరింగ్ కాస్త కుడికి తిప్పి పట్టుకోవాల్సిందే. వీల్ అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాను. వాళ్లు సరిచేసేది ముందు చక్రాల్ని. వెనక ఇరుసుకు తిప్పుకునే నట్టు ఏదీ ఉండదు, బ్రాకెట్ ఎక్కడుంటే ఇరుసు అక్కడే. ఈ సంగతి నాకు అప్పటికి తెలియదు.

కిందటి నవంబరు వానల్లో హైవే మీద వస్తుంటే ముందు లారీ ఆగింది. బ్రేక్ తొక్కాను. బండి వెనక భాగం కుడికి జారి, ముక్కు ఎడమకు తిరిగి, రోడ్డుకు అడ్డంగా నిలబడింది. పక్క సీటులో మా పెద్దవాడు ఉన్నాడు. వెనక వచ్చే బస్సు డ్రైవరు చూసి ఆపబట్టి మేం బతికాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత తెలిసినవాళ్లు ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి పంపారు. ఆయన వెల్డింగ్ మెషిన్ జోలికే పోలేదు. ముందు చక్రం నడుమ నుంచి వెనక చక్రం నడుమకు రెండు పక్కలా టేపు పట్టాడు. కుడివైపు 1840 మిల్లీమీటర్లు, బండికి ఉండాల్సినంతే ఉంది. ఎడమవైపు 1828. "ఇది కొలవకుండా ఎట్టా అతికించారబ్బయా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన చేసిన పని దగ్గరుండి చూశాను. బ్యాటరీ తీగ విప్పాడు. పెట్రోలు పైపు పక్కకు తప్పించి తడి గోనె కప్పాడు. తుప్పు రేకంతా కోసేసి, గ్రైండర్‌తో మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్ది, మందపాటి రేకు అతికించాడు. తుప్పు మీద వేసిన వెల్డింగ్ పైకి బాగానే కనపడుతుంది, లోపల పట్టదు. ఆ తర్వాత తాపీ మేస్త్రీలు గోడకు వేలాడదీసే గుండు తెప్పించి, నాలుగు బ్రాకెట్ల రంధ్రాల నుంచి నేల మీదికి దించి, సుద్దతో గుర్తులు పెట్టాడు. ఎడమ ముందు గుర్తు నుంచి కుడి వెనక గుర్తుకు, కుడి ముందు నుంచి ఎడమ వెనకకు ఐమూలగా టేపు పట్టాడు. రెండూ సమానం అయ్యేదాకా బ్రాకెట్‌ను సుత్తితో మెల్లగా జరిపాడు. అప్పుడు నాలుగు చోట్ల చుక్క వెల్డింగ్ పెట్టి మళ్లీ కొలిచాడు. చల్లారేటప్పుడు వెల్డింగ్ ముడుచుకుని బ్రాకెట్‌ను తన వైపు లాక్కుంటుందట. అందుకే పూర్తి వెల్డింగ్ ఒకేచోట ఏకబిగిన వేయకుండా, ఒక పక్క కొంచెం, రెండో పక్క కొంచెం వేశాడు. చివరికి జాకీ దించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే కమాను కట్టల చివర ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు బిగించాడు. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుందని చెప్పాడు. పూట పని, రెండున్నర వేలు. ఇప్పుడు చెయ్యి వదిలినా బండి తిన్నగా పోతుంది.

నేను రాసేది ఆ మొదటి షెడ్డు కుర్రవాడి మీద కోపంతో కాదు. అతనికి ఎవరూ నేర్పలేదు. నా బాధ ఏమిటంటే, ఆ వంకర బ్రాకెట్‌తోనే నా బండి ఫిట్‌నెస్ పాసయింది. లైట్లు, హారన్, పొగ చూశారు. బండి కిందికి ఎవరూ వంగలేదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా, సొంత కారుకైతే 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి ఈ పరీక్ష ఉంటుంది. ఆ రోజు బండిని పైకి లేపి వెనక బ్రాకెట్లు చూడాలి, రెండు పక్కలా చక్రాల మధ్య దూరం కొలవాలి. టేపు పట్టడానికి రెండు నిమిషాలు చాలు. పిల్లల్ని బడికి తీసుకెళ్లే పాత వ్యాన్లకైతే ఇది తప్పనిసరి చేయాలి.

షెడ్లలో పనిచేసే వాళ్లకు నెల్లూరు, ఒంగోలు ఐటీఐలలో సాయంత్రం పూట పది రోజుల శిక్షణ పెట్టమని రెండు జిల్లాల అధికారుల్ని కోరుతున్నాను. అనుభవంతో నేర్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇప్పటికే ఉంది. దాన్ని ఈ పనికి వాడొచ్చు. మా పక్క ఎక్కువగా తిరిగే నాలుగైదు రకాల బండ్ల ఛాసిస్ కొలతలు తెలుగులో అచ్చువేసి, ప్రతి షెడ్డు గోడకూ అంటించేలా ఇవ్వాలి. వచ్చే వానాకాలంలోపే ఇది మొదలుపెట్టాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక చేపల వ్యాపారి,
కావలి, నెల్లూరు జిల్లా.