బిల్లులో 200, ఇంట్లో 20

సంపాదకుడికి,

హనుమకొండలో ఇంటింటికీ మెరుపు వేగంతో ఇంటర్నెట్ వచ్చేసిందని పోయిన వారం మీ జిల్లా పేజీలో రాశారు. ఆ వార్త రాసిన విలేకరిని ఒక్కసారి రాత్రి ఎనిమిదింటికి మా నయీంనగర్ పంపండి.

కోతులు కేబుల్ కొరికినప్పుడల్లా పాత కంపెనీ నెట్ పోతోందని, 200 ఎంబీపీఎస్ వేగం ఇస్తామన్న కొత్త కంపెనీకి మారాం. ఆరు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు. వైఫైలో వచ్చేది 20. ఫోన్ చేస్తే రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు. చేశామంటే 'మీ గోడలు మందం సార్' అంటారు. పాత కంపెనీ ఉన్నప్పుడూ ఇవే గోడలు, అప్పుడు 60 వచ్చేది! మనం ఇంకా లైన్లో ఉండగానే 'మీ సమస్య పరిష్కారమైంది' అని మెసేజ్ వస్తుంది.

మా అల్లుడు ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా కంపెనీ బిగించిన రూటర్ డబ్బాకే కలిపి చూశాడు. 94 దగ్గర ఆగింది, ఎన్నిసార్లు చూసినా అంతే. తీరా చూస్తే డబ్బాకి వైరు గుచ్చే పోర్టే 100ది. 200 ప్యాకేజీ అమ్మి, 100 దాటనివ్వని డబ్బా బిగించడాన్ని ఏమంటారో మీరే చెప్పండి. పైగా అందులో వైఫైకి 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల బ్యాండు ఒక్కటే. ఆ బ్యాండులో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు మూడే. మా అపార్ట్‌మెంట్‌లోని ఇళ్లన్నీ ఆ మూడింటి మీదే పడ్డాయి. 5 గిగాహెర్ట్జ్ డబ్బా కావాలంటే అదనంగా కట్టాలట. ఆ ముక్క డబ్బు తీసుకునేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఫైబర్ లాగిన అబ్బాయి దాన్ని కిటికీ ఊచకు బట్టలారేసే తాడులా బిగించి పోయాడు. లోపలున్నది గాజు తీగ. అలా మడిస్తే కాంతి బయటికి పోతుంది. కాంతి ఎంత అందుతోందో చెప్పే మీటరు ఒకటి ఉంటుంది, మామూలుగా అది మైనస్ 27 డీబీఎం (కాంతి బలాన్ని కొలిచే లెక్క) కంటే తగ్గితే లైను నిలవదు. మీటరేదీ అంటే 'ఆఫీసులో ఉంది సార్' అన్నాడు. అతన్ని అని లాభం లేదు, రోజుకిన్ని కనెక్షన్లని వెంటపడి చేయిస్తారు పాపం.

అడిగేవాళ్లు ఎవరు? బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి 512 కేబీపీఎస్, అంటే సుమారు అర ఎంబీపీఎస్ చాలదని 2023లో ఢిల్లీ పెద్దలకు తట్టింది. కనీస వేగం 2 ఎంబీపీఎస్ చేశారు. ఆ లెక్కన మాకు వచ్చే 20 మహాభాగ్యం! 2016లోనే స్మార్ట్ సిటీ జాబితాకెక్కిన ఊరు మనది. మా వీధి తవ్వారు, పూడ్చారు, మళ్లీ తవ్వారు, కేబుళ్లు మాత్రం ఇంకా కరెంటు స్తంభాలకే వేలాడుతున్నాయి. ఏది ఎవరిదో కట్టినవాళ్లకే తెలియదు. మడికొండ ఐటీ పార్కు ఫొటోలు చూపించి మురిసిపోయే నాయకులు ఒక్కసారి తల పైకెత్తి చూస్తే బాగుండు.

కనెక్షన్ ఇచ్చిన రోజే వైరుతో వేగం కొలిచి, కాంతి రీడింగుతో సహా రసీదు మీద రాసి ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎందుకు ఆదేశించదు? ఫిర్యాదు తేలకపోతే అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లొచ్చట, ఆ అథారిటీ ఉండేదీ అదే కంపెనీలో! కనీసం ఆ చిరునామాలైనా కంపెనీల వారీగా మీ జిల్లా పేజీలో వేయండి. రోజూ సగం పేజీ వాళ్ల ప్రకటనలకు ఇస్తున్నారు కదా, రెండంగుళాలు మాకివ్వండి.

- ఒక పాఠకుడు, నయీంనగర్, హనుమకొండ