పక్కింటి పెద్దావిడ రివాల్వర్ పుట్టుపూర్వోత్తరాలు వెతికిపెట్టిన అందరికీ థాంక్స్

ముందు పేరుపేరునా అందరికీ నమస్కారాలు. పేర్లు రాయొద్దని మీలో కొందరు గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు, చదువుతుంటే ఎవరి గురించో మీకే తెలిసిపోతుంది.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డాలస్‌లో మా పక్కింటి పెద్దావిడ దగ్గర వాళ్లాయన తాతగారి కాలం నాటి రివాల్వర్ ఉంది. స్మిత్ అండ్ వెస్సన్ అనే అమెరికన్ తుపాకుల కంపెనీ వాళ్ల .38 (తూటా సైజు) డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితే చాలు, సుత్తి తనే లేచి పడే రకం), నికెల్ పూతది. పైన గొళ్లెం ఎత్తితే బారెల్ ముందుకు వంగి, పేల్చేసిన ఖాళీ తూటాలన్నీ ఒక్కసారే బయటికి వచ్చేస్తాయి. కోటు జేబులో పట్టేంత చిన్నది. కాన్సస్‌లో ఒకప్పుడు పశువుల వ్యాపారంతో పేరుమోసిన డాడ్జ్ సిటీలో మార్షల్‌గా (ఊరి పోలీసు అధికారిగా) పనిచేసిన ఒకాయన దగ్గర తాతగారు దాన్ని కొన్నారని వాళ్లింట్లో చెప్పుకుంటారు. ఆవిడకి ఎనభై దాటాయి, మనవలకి ఇచ్చేలోపు అసలు ఇది ఫ్యాక్టరీ నుంచి మొదట ఎవరికి వెళ్లిందో తెలుసుకోవాలని కోరిక. "నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా, కనుక్కో" అని నాకు అప్పజెప్పింది. మనవాళ్లంటే ఇక్కడివాళ్లకి అదో నమ్మకం.

నా టెన్షన్ వేరు. నేనింకా హెచ్-1బి మీదే ఉన్నా, వేట లైసెన్స్ లాంటి ఒకట్రెండు మినహాయింపులు తప్పిస్తే మాలాంటివాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హ్యూస్టన్ అన్న అడిగిందే తడవుగా చట్టంలో ఆ ముక్క తీసి చూపించాడు: 1898లో గానీ అంతకుముందు గానీ తయారైతే యాంటిక్ కిందికి వస్తుంది, ఫెడరల్ లెక్కలో అది అసలు ఫైర్‌ఆర్మే కాదు, రాష్ట్రాల చట్టాలు మాత్రం వేరేగా ఉండొచ్చు. అయినా ఏ సంవత్సరానిదో తేలేదాకా నువ్వు చెయ్యి పెట్టకు, ఆవిడని పట్టుకోమని నువ్వు ఫొటోలు తీసుకో అన్నాడు. అలాగే చేశాం. అన్నా, ఆ రోజు నువ్వు ఫోన్ ఎత్తకపోయి ఉంటే ఈ పని అక్కడే ఆగిపోయేది.

ఈలోగా ఊళ్లో ఒక షాపతను బారెల్ మీద చెక్కిన పేటెంట్ తేదీల్లో 1880 అని చూసి, "ఇది 1880 నాటిది, డాడ్జ్ సిటీ రోజులకి సరిగ్గా సరిపోయింది" అని పెద్దావిడని ఊహల్లో ఎక్కడికో తీసుకెళ్లిపోయాడు. వర్జీనియా మేడం గారు లేకపోతే మేమింకా ఆ భ్రమలోనే ఉండేవాళ్లం. పేటెంట్ తేదీ హక్కు ఎప్పుడు వచ్చిందో చెబుతుంది తప్ప ఆ రివాల్వర్ ఎప్పుడు తయారైందో చెప్పదు, అవే తేదీలు ఏళ్ల తరబడి బారెల్స్ మీద పడుతూనే ఉంటాయి అని ఆవిడ ఓపిగ్గా వివరించారు. మాది .38 డబుల్ యాక్షన్‌లో మూడో మోడల్‌ట, 1884 నుంచి 1895 దాకా చేశారట. ఈ పాత రకాల్లో ఒక్కోదానికి సీరియల్ నంబర్ల వరస విడిగా ఉంటుంది కాబట్టి మోడల్ తేలకుండా నంబర్ ఒక్కటే పట్టుకుని లాభం లేదు. మోడల్ తేలినా ఫలానా సంవత్సరం అని నంబరు చూసి చెప్పలేం, ఎందుకంటే తయారైనవి స్టాక్‌లో పెట్టి ఆర్డర్ వచ్చినప్పుడు చేతికందినవి పంపేవాళ్లు, చిన్న నంబరు ముందు వెళ్లాలని రూలేం లేదు. తేదీ కావాలంటే కంపెనీ పాత షిప్పింగ్ పుస్తకాలు తిరగేయాల్సిందే.

మేడం గారు చెప్పినట్టే ఒక్కోటీ ఫొటో తీశాం. పిడి అడుగున నంబరు, సిలిండర్ వెనకవైపు నంబరు, బారెల్ గొళ్లెం మీద నంబరు, మూడూ ఒకటే. ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు కడ్డీ) నల్లగా ఉందేంటి, పూత ఊడిపోయిందా అని నేనడిగితే మేడం గారు ఒకటే నవ్వు. ఫ్యాక్టరీ నికెల్ వేసిన ఈ రకానికి ట్రిగ్గర్ గార్డ్ బ్లూయింగ్‌లోనే (ఉక్కుకి పట్టించే నీలి నలుపు రంగులోనే) వదిలేసేవాళ్లట, అది కూడా తళతళా మెరుస్తుంటే అప్పుడు అనుమానించాలట, తర్వాతెవరో మళ్లీ పూత వేయించారని. ఇక పిడి పలకలు. స్క్రూ వదులు చేసి మెల్లగా తట్టండి, స్క్రూడ్రైవర్ పెట్టి పెకలిస్తే నల్ల రబ్బరు పలక పెళుసెక్కి ఉంటుంది, పెళ్లున విరుగుతుంది అన్నారు. పెద్దావిడ వంటింటి బల్ల మీద తువ్వాలు పరిచి తనే తట్టింది. కుడి పలక ఊడి వచ్చింది, లోపలంతా నూనె మురికి, దాని మధ్య పల్చగా గీసిన అంకెలు. ఫోన్ లైట్ పక్క నుంచి వేసి చూస్తే అదే నంబరు! పలకలు కూడా ఫ్యాక్టరీవే అన్నమాట. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని ఆ అంకెలు పైకి చదివింది.

తర్వాత ఫారం నింపి, ఫొటోలు, ఫీజు జతచేసి స్మిత్ అండ్ వెస్సన్ హిస్టారికల్ ఫౌండేషన్‌కి పంపాం. రివాల్వర్ ఎప్పుడు, ఎవరికి వెళ్లిందో కంపెనీ పాత పుస్తకాల్లో చూసి వాళ్లు లెటర్ రాసి పంపుతారు. ఈ లెటర్ల వెనక ఎంత పనుందో మనలో చాలామందికి తెలియదు. చాలా ఏళ్లు కంపెనీ చరిత్రకారుడిగా పనిచేసిన రాయ్ జింక్స్ లాంటివాళ్లు ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ (అప్పటి ఫ్యాక్టరీ ఉన్న ఊరు) చిట్టాలని పట్టించుకుని ఉండకపోతే ఇవాళ ఎవరినీ ఏమీ అడగలేకపోయేవాళ్లం. ఇంకో తుపాకుల కంపెనీ కోల్ట్ సంగతి హార్ట్‌ఫర్డ్ తమ్ముడు చెప్పాడు, 1864 ఫిబ్రవరిలో ఫ్యాక్టరీ తగలబడినప్పుడు పాత రికార్డులు చాలావరకు పోయాయట. అంతకుముందటి కోల్ట్ ఉన్నవాళ్లకి ఇలాంటి లెటర్ దొరకడం గగనమే.

మా లెటర్ వచ్చింది. 1889లో న్యూయార్క్‌లోని ఎం.డబ్ల్యూ. రాబిన్సన్‌కి పంపారు, నికెల్ పూత, నల్ల రబ్బరు పిడి. అంతే. తేదీ చూశాకే ఆ రివాల్వర్ నేను మొదటిసారి చేత్తో పట్టుకున్నా, బరువు బాగానే ఉంది.

మొదట చప్పగా అనిపించిన మాట నిజం. రాబిన్సన్ అంటే స్మిత్ అండ్ వెస్సన్ సరుకుని దేశమంతా సరఫరా చేసిన న్యూయార్క్ ఏజెంటు, ఆ రోజుల్లో లెక్కలేనన్ని రివాల్వర్లు ఆయన చేతుల మీదుగానే వెళ్లాయి. అక్కడినుంచి ఏ ఊరి హార్డ్‌వేర్ షాపుకి పోయిందో ఫ్యాక్టరీ పుస్తకాల్లో ఉండదు. గుంటూరు బాబాయ్ (న్యూజెర్సీలో ముప్పై ఏళ్లుగా ఉన్నా మనిషి ఇంకా గుంటూరే) ఒక్క మాటలో తేల్చేశారు: "యార్డు నుంచి బయల్దేరిన మిర్చి బస్తా ఎవరింటి కారంలోకి చేరిందో యార్డు చిట్టాలో రాస్తారేంట్రా?"

డాడ్జ్ సిటీ కథ మీద కూడా ఆయనే నీళ్లు చల్లారు, కాకపోతే పద్ధతిగా. 1885లో కాన్సస్ రాష్ట్రం టెక్సాస్ పశువుల మీద క్వారంటైన్ పెట్టాక ఆ ఊరి జోరు తగ్గిపోయింది, మీ రివాల్వర్ స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి కదిలిందే 1889లో అన్నారు. ఆ ఊళ్లో షెరీఫ్‌గా పేరుమోసిన బ్యాట్ మాస్టర్సన్ అయితే 1885 జులైలో ఆపెరా హౌస్ సెలూన్ అనే బార్ కాగితం మీద నేరుగా కోల్ట్‌కే ఉత్తరం రాసి, నికెల్ పూత వేయండి, ముందు సైట్ (గురి చూసే మొన) మామూలు కంటే కాస్త ఎత్తుగా, మందంగా ఉండాలి అని ఆర్డర్ పెట్టుకున్నాడు. అలాంటి ఉత్తరం దొరకడం నూటికో కోటికో ఒకరికి. మిగతా అందరికీ హోల్‌సేల్ వ్యాపారి పేరే మిగులుతుంది. 1889 తర్వాత మాజీ మార్షల్ ఎవరైనా కొని మళ్లీ అమ్మి ఉండొచ్చు కదా అంటే ఉండొచ్చు, కానీ కాగితం లేని కథకి ధర కట్టకూడదని బాబాయ్ అన్నారు, నాకూ అదే సబబు అనిపించింది. పెద్దావిడ మాత్రం కథ వదిలేది లేదంటోంది. వదలక్కర్లేదు, లెటర్‌తో పాటు విడిగా రాసి పెట్టమన్నాను.

డాలస్ వాళ్లకి ఒక మాట. ఇంతకన్నా పెద్ద సైజు, 1920లు, 30ల నాటి .44 స్మిత్ అండ్ వెస్సన్ ఎవరి దగ్గరైనా కనిపిస్తే లెటర్ తప్పక తెప్పించమనండి. ఫోర్ట్‌వర్త్‌లో వుల్ఫ్ అండ్ క్లార్ అనే వ్యాపారులు ఉండేవాళ్లు, 1926 మోడల్ .44 వాళ్లు అడగబట్టే తయారైంది. ఆ పేరు లెటర్‌లో వస్తే అది మన పక్క ఊరికి వచ్చిన సరుకే.

ఇప్పుడు మిగిలిన పని తాతగారి వీలునామా కాగితాలు. చనిపోయాక కోర్టుకి ఇచ్చే ఆస్తుల జాబితాలో ఒక్కోసారి పిస్టల్ అని కూడా రాసి ఉంటుంది, కౌంటీ రికార్డులు చూడండి, టొపీకాలో కాన్సస్ హిస్టారికల్ సొసైటీ వాళ్లని కూడా అడగండి అని వర్జీనియా మేడం దారి చూపించారు. టొపీకా చుట్టుపక్కల ఉండి ఒక పూట వెళ్లి చూడగలిగేవాళ్లుంటే చెప్పండి. పెట్రోలు ఖర్చు నాది. డాలస్ వచ్చినప్పుడు పెకాన్ పై తన బాధ్యత అని పెద్దావిడ రాయమంది, షుగర్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలట.