సూడాన్ బోర్లకు డీజిల్ కాదు, ఎండే ఆధారం

సంపాదకులకు,

వాతావరణ ఉద్యమమంటే ప్లకార్డులేనని అనుకునేవారు సూడాన్ యువతి నిస్రీన్ ఎల్‌సాయిమ్ గురించి తెలుసుకోవాలి. ఖార్టూమ్‌లో భౌతికశాస్త్రం, పునరుత్పాదక ఇంధనం చదివిన ఆమె 2020లో ఐక్యరాజ్యసమితి యువ వాతావరణ సలహా బృందానికి అధ్యక్షురాలయ్యారు. ఒడిశా ఆదివాసీ యువతి అర్చనా సోరెంగ్ అప్పట్లో అందులో సభ్యురాలిగా ఉన్నారు.

2023 ఏప్రిల్ 15న సూడాన్‌లో యుద్ధం మొదలైంది. ఇలాంటి చోట డీజిల్ సరఫరా ఆగితే, దానితో నడిచే బోరు ఆగినట్టే. నిస్రీన్ చదివిన పునరుత్పాదక ఇంధనం, అంటే ఎండ నుంచి వచ్చే కరెంటే, ఇక్కడ దారి. లెక్క చూడండి: మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు. 1,300 మందికి సుమారు 20 వేల లీటర్లు. 50 మీటర్ల లోతు నుంచి తోడడానికి, పంపు సామర్థ్యం 40 శాతమనుకుంటే, రోజుకు 7 యూనిట్లు చాలు. ఎండ 6 గంటలు గట్టిగా కాసే చోట 300 వాట్ల సౌర పలకలు ఆరు సరిపోతాయి. వేడికి, దుమ్ముకు పావు వంతు పోయినా సరే! బ్యాటరీలు వద్దు, అవి వేడికి త్వరగా పాడవుతాయి, దొంగల పాలవుతాయి. రెండు రోజుల నీరు పట్టే ఎత్తైన ట్యాంకు కట్టాలి.

అసలు ప్రమాదం మరొకటి. ఎండ ఉచితం కదాని పంపు ఆపకపోతే భూగర్భజలం అడుగంటుతుంది. అనంతపురం రైతులకు బోర్లు ఎండడం కొత్త కాదు. ట్యాంకు నిండగానే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్, నీటి మీటరు తప్పనిసరి. సహాయ సంస్థలు పలకలతోపాటు వీటికీ, స్థానిక యువత శిక్షణకూ డబ్బు కేటాయించాలి.

— కొందరు సౌర పంపుల సాంకేతికులు, అనంతపురం